ఆటోస్టార్ట్ అన్నీ ఆఫ్ చేసేయాలా? తుఫాను సీజన్‌కి ముందే చేసుకోవాల్సిన ఫోన్ సెట్టింగ్స్

"ఫోన్ స్లో అయింది, ఛార్జింగ్ నిలవట్లేదు" అని ఎవరికి చెప్పినా వచ్చే సలహా ఒకటే: "ఆటోస్టార్ట్‌లోకి వెళ్లి అన్నీ ఆఫ్ చేసెయ్." షార్ట్ వీడియోల్లో ఇదే, మొబైల్ షాపులో ఇదే, హాస్టల్ రూమ్‌లోనూ ఇదే. ఈ సలహా సగం కరెక్టే. మిగతా సగం మాత్రం శ్రీకాకుళం, విజయనగరం లాంటి మా తీరం జిల్లాల్లో ఇబ్బంది తెచ్చిపెట్టొచ్చు.

మా దగ్గర అక్టోబర్ అంటే తుఫాను నెల. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ మాకు పక్కనే ఉన్న ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబర్ 12న, హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర దాటింది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర విరుచుకుపడి ఉద్దానం కొబ్బరి తోటల్ని, జీడి తోటల్ని నేలమట్టం చేసింది. చాలా ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి రోజుల్లో ఫోన్ నుంచి మనకు కావాల్సినవి రెండు. ఒకటి, బ్యాటరీ వీలైనంత ఎక్కువసేపు నిలవాలి. రెండోది, రావాల్సిన హెచ్చరిక టైముకి రావాలి. అన్నీ ఆన్‌లో ఉంచితే మొదటిది పోతుంది, అన్నీ ఆఫ్ చేస్తే రెండోది పోతుంది.

అందుకే ఈ ఆర్టికల్‌లో ఆటోస్టార్ట్ మేనేజర్ అసలు ఏం చేస్తుంది, దేన్ని ఆపాలి, దేన్ని ముట్టుకోకూడదు, మీ బ్రాండ్ ఫోన్‌లో అది ఎక్కడ ఉంటుంది అన్నవి ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందుగా: బ్యాక్‌గ్రౌండ్‌లో ఏం జరుగుతుంది?

"బ్యాక్‌గ్రౌండ్‌లో యాప్ రన్ అవుతోంది" అని అందరం ఒకే మాట వాడేస్తాం గానీ, దాని కింద నాలుగు వేరువేరు పనులు ఉన్నాయి.

1. క్యాష్‌డ్ యాప్. మీరు వాడి బయటకు వచ్చేసిన యాప్ ర్యామ్‌లో అలాగే ఉంటుంది గానీ ఏ పనీ చేయదు. మళ్లీ ఓపెన్ చేస్తే వెంటనే వస్తుంది. కొత్త ఆండ్రాయిడ్ వెర్షన్లలో ఇలాంటి యాప్స్‌ని సిస్టమ్ ఫ్రీజ్ చేసేస్తుంది కాబట్టి వీటివల్ల బ్యాటరీ పెద్దగా పోదు.

2. ఫోర్‌గ్రౌండ్ సర్వీస్. పాటలు, మ్యాప్స్ నావిగేషన్, ఫైల్ డౌన్‌లోడ్ లాంటివి. ఇది నడపాలంటే యాప్ ఒక నోటిఫికేషన్ పెట్టాలి అన్నది ఆండ్రాయిడ్ రూల్. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి నోటిఫికేషన్ చూపించకుండా వెనకాల ఎడతెరిపి లేకుండా సర్వీస్ నడపడం యాప్స్‌కి కష్టమైపోయింది.

3. షెడ్యూల్ చేసిన పని. ఫోటోల బ్యాకప్, మెయిల్ సింక్, న్యూస్ అప్‌డేట్ లాంటివి. వీటిని సిస్టమ్ గుంపుగా ఒకేసారి చేయిస్తుంది. 2015లో ఆండ్రాయిడ్ 6తో వచ్చిన డోజ్ మోడ్ చేసేది ఇదే. ఫోన్ కదలకుండా, స్క్రీన్ ఆఫ్‌లో ఉన్నప్పుడు ఈ పనుల్ని ఆపి, మధ్య మధ్యలో కాసేపు వదులుతుంది.

4. పుష్ మెసేజ్. వాట్సాప్ మెసేజ్ కోసం వాట్సాప్ నిరంతరం మేలుకుని ఉండక్కర్లేదు. గూగుల్ ప్లే సర్వీసెస్ ఒక్కటే సర్వర్‌తో కనెక్షన్ పట్టుకుని ఉంటుంది. మన ఊళ్లో ఉత్తరాలన్నీ ఒక్క పోస్ట్‌మ్యాన్ చేతికే వచ్చి, ఆయన ఎవరిది వాళ్లకి ఇచ్చినట్టు, ప్లే సర్వీసెస్ ఆ మెసేజ్ ఏ యాప్‌దో చూసి దాన్ని నిద్ర లేపుతుంది. అర్జెంట్ అని మార్క్ చేసిన మెసేజ్ అయితే డోజ్‌లో ఉన్నా సరే లేపుతుంది.

నాలుగో పాయింట్ గుర్తుపెట్టుకోండి. గొడవంతా ఇక్కడే మొదలవుతుంది. కొన్ని కంపెనీల ఫోన్లలో ఆటోస్టార్ట్ ఆఫ్ చేసి, రీసెంట్స్ నుంచి యాప్‌ని స్వైప్ చేసేస్తే, అది దాదాపు ఫోర్స్ స్టాప్ చేసినట్టే అవుతుంది. ఫోర్స్ స్టాప్ అయిన యాప్‌ని ప్లే సర్వీసెస్ కూడా లేపలేదు. మీరు మళ్లీ చేత్తో ఓపెన్ చేసేదాకా దానికి మెసేజ్ చేరదు. ఒక్కో కంపెనీ ఫోన్ యాప్స్‌ని ఎంత గట్టిగా చంపుతుందో పోల్చి చూపించే "డోంట్ కిల్ మై యాప్" అనే సైటే ఒకటి ఉందంటే, యాప్ డెవలపర్లకి ఇది ఎంత తలనొప్పో అర్థం చేసుకోవచ్చు.

ఆటోస్టార్ట్ అసలు చేసే పని

ఫోన్ ఆన్ అయ్యాక సిస్టమ్ అన్ని యాప్స్‌కీ "బూటింగ్ అయిపోయింది" అని ఒక సందేశం పంపుతుంది. ఆ సందేశం అందుకున్న యాప్ తన పని మొదలుపెట్టుకుంటుంది. ఆటోస్టార్ట్ ఆఫ్ చేస్తే ఆ యాప్‌కి ఈ సందేశం వెళ్లదు. కొన్ని బ్రాండ్లలో, వేరే యాప్ వచ్చి లేపినా అది లేవదు.

షాపింగ్ యాప్‌కో గేమ్‌కో ఇది వెళ్లకపోతే మనకొచ్చే నష్టం ఏమీ లేదు. కానీ ఒక రకం యాప్స్‌కి మాత్రం ఇది ప్రాణం: అలారంలు పెట్టే యాప్స్. చాలామందికి తెలియని విషయం ఏంటంటే, ఫోన్ స్విచాఫ్ అయితే యాప్స్ సిస్టమ్‌లో పెట్టుకున్న అలారంలన్నీ చెరిగిపోతాయి. ఫోన్ ఆన్ అయ్యాక ఆ బూట్ సందేశం అందుకుని యాప్ వాటిని మళ్లీ రాసుకోవాలి. సందేశమే అందకపోతే రాసుకోదు, కాబట్టి మోగదు. యాప్ ఓపెన్ చేసి చూస్తే అన్నీ పెట్టినవి పెట్టినట్టే కనిపిస్తాయి, అందుకే అనుమానం కూడా రాదు.

ఇది నేను మా ఇంట్లోనే చూశాను. కవిటి దగ్గర ఉండే మా పిన్నికి పూటపూటా మందులు ఉన్నాయి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంత ఉందో తెలుగు వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. అక్కడ చాలా ఇళ్లలో మందుల టైము, డయాలసిస్ రోజు అన్నవి క్యాలెండర్ మీద పండగల కంటే ముందు చూసుకునేవి. పిన్ని ఫోన్‌లో మందులు గుర్తుచేసే యాప్ ఒకటి ఉంది. నెలలపాటు బాగానే మోగింది. ఒకసారి రాత్రంతా కరెంటు పోయి, ఛార్జింగ్ అయిపోయి ఫోన్ ఆగిపోయింది. పొద్దున్న ఆన్ చేశాక ఇక మోగలేదు. "ఏట్రా నాన్నా, కరెంటు పోయొచ్చిన కాడ్నుంచి ఈ ఫోను మందుకి మోగడం మానేసినాది" అని ఫోన్ చేసింది.

వెళ్లి చూస్తే కారణం చిన్నదే. ఫోన్ స్పీడుగా ఉంటుందని షాపులో ఎవరో ఆటోస్టార్ట్ మొత్తం ఆఫ్ చేసి ఇచ్చారు. అంతకుముందు ఫోన్ ఎప్పుడూ స్విచాఫ్ కాలేదు కాబట్టి సమస్య బయటపడలేదు. ఒక్క టాగుల్ ఆన్ చేసి, ఫోన్ రీస్టార్ట్ చేసి, రెండు నిమిషాల తర్వాత మోగేలా ఒక టెస్ట్ రిమైండర్ పెట్టి చూశాం. మోగింది.

ఇక్కడే ఇంకో చిన్న విషయం. ఫోన్ రీస్టార్ట్ అయ్యాక పిన్ లేదా ప్యాటర్న్ కొట్టి ఒక్కసారి అన్‌లాక్ చేసేదాకా చాలా యాప్స్ మొదలవ్వవు. వాటి డేటా అప్పటిదాకా లాక్‌లోనే ఉంటుంది. అందుకని ఇంట్లో పెద్దవాళ్లకి "ఫోన్ ఆన్ చేసి అలా వదిలేయొద్దు, ఒకసారి లాక్ తీసి పక్కన పెట్టు" అని చెప్పండి.

దేన్ని ఆపాలి, దేన్ని ఉంచాలి?

నేను ఏ ఫోన్ సెట్ చేసినా ప్రతి యాప్‌కీ ఒకటే ప్రశ్న వేసుకుంటాను: ఈ యాప్ నుంచి రావాల్సింది రెండు గంటలు లేటుగా వస్తే నష్టం ఉందా? నష్టం ఉంటే ఆన్. లేకపోతే ఆఫ్. అంతే.

ఈ లెక్కన ఆఫ్ చేసేయొచ్చు అనుకునేవి:

- షాపింగ్, ఫుడ్ డెలివరీ, టికెట్ బుకింగ్ యాప్స్. ఆర్డర్ పెట్టినప్పుడు ఎలాగూ మీరే ఓపెన్ చేస్తారు.
- గేమ్స్, వీడియో, ఓటీటీ యాప్స్.
- ఫోటో ఎడిటర్లు, ఫైల్ షేరింగ్ యాప్స్, క్లీనర్లు, బూస్టర్లు.
- లోన్ యాప్స్, ఫోన్‌తో పాటు వచ్చిన యాప్ స్టోర్లు, థీమ్ యాప్స్, బ్రౌజర్లు.

ఆన్‌లోనే ఉంచాల్సినవి:

- మందుల రిమైండర్, థర్డ్ పార్టీ అలారం యాప్స్.
- వాట్సాప్ లేదా మీ ఇంట్లో కాల్స్‌కి వాడే యాప్. మా జిల్లాల్లో ఇంటికొకరు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో గల్ఫ్‌లోనో పనిలో ఉంటారు. వాళ్ల కాల్ వచ్చేది ఎక్కువగా ఇందులోనే.
- జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ తెచ్చిన సచేత్ యాప్. తుఫాను, వరద, భారీ వర్షం హెచ్చరికలు మీ ప్రాంతాన్ని బట్టి వస్తాయి.
- పుణేలోని ఐఐటీఎం సంస్థ తయారుచేసిన దామిని యాప్. మీకు 20 నుంచి 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగుల ముప్పు ఉంటే చెబుతుంది. పొలం పనిలో ఉండేవాళ్లకి ఇది రెండు గంటలు లేటుగా వస్తే ఎందుకూ పనికిరాదు. దీనికి లొకేషన్ పర్మిషన్ కూడా ఇవ్వాలి.
- దుకాణం ఉంటే, డబ్బు పడగానే చెప్పే వ్యాపారుల పేమెంట్ యాప్.

వీటిని అసలు పట్టించుకోనక్కర్లేదు: ఫోన్ కాల్స్, ఎస్ఎంఎస్, ఫోన్‌తో వచ్చిన క్లాక్ యాప్. ఇవి సిస్టమ్‌లో భాగం. ఓటీపీలు, బ్యాంకు ఎస్ఎంఎస్‌లు ఆటోస్టార్ట్ ఆఫ్ చేసినా వస్తాయి.

2023లో దేశమంతా ఫోన్లు ఒక్కసారిగా పెద్దగా మోగి, స్క్రీన్ మీద టెస్ట్ అలర్ట్ వచ్చింది గుర్తుందా? అది సెల్ బ్రాడ్‌కాస్ట్. టవర్ నుంచి నేరుగా వస్తుంది, ఇంటర్నెట్ అక్కర్లేదు, ఆటోస్టార్ట్‌తో సంబంధం లేదు. సెట్టింగ్స్ సెర్చ్‌లో "ఎమర్జెన్సీ అలర్ట్స్" అని కొట్టి అది ఆన్‌లో ఉందో లేదో మాత్రం ఒకసారి చూసుకోండి.

మీ ఫోన్‌లో ఎక్కడ ఉంటుంది?

వెర్షన్‌ని బట్టి పేర్లు కొంచెం మారతాయి. దొరక్కపోతే సెట్టింగ్స్ పైన సెర్చ్‌లో "ఆటో" లేదా "బ్యాటరీ" అని వెతకండి.

షావోమీ, రెడ్‌మీ, పోకో: సెట్టింగ్స్ → యాప్స్ → పర్మిషన్స్ → ఆటోస్టార్ట్. హైపర్ ఓఎస్‌లో "బ్యాక్‌గ్రౌండ్ ఆటోస్టార్ట్" అని ఉంటుంది. ఇక్కడ ఆన్ చేస్తే సరిపోదు. ఆ యాప్ ఇన్ఫోలోకి వెళ్లి బ్యాటరీ సేవర్‌ని "నో రిస్ట్రిక్షన్స్"లో పెట్టాలి.

రియల్‌మీ, ఒప్పో, వన్‌ప్లస్: సెట్టింగ్స్ → యాప్స్ → ఆటో లాంచ్. తర్వాత యాప్ ఇన్ఫో → బ్యాటరీ యూసేజ్‌లో "అలో బ్యాక్‌గ్రౌండ్ యాక్టివిటీ" కూడా ఆన్ చేయాలి.

వివో, ఐకూ: సెట్టింగ్స్ → యాప్స్ → పర్మిషన్ మేనేజ్‌మెంట్ → ఆటోస్టార్ట్. బ్యాటరీ సెట్టింగ్స్‌లో బ్యాక్‌గ్రౌండ్ పవర్ వాడకానికి వేరే లిస్ట్ ఉంటుంది, అక్కడా ఆ యాప్‌కి అనుమతి ఇవ్వాలి.

శాంసంగ్: ఇక్కడ ఆటోస్టార్ట్ అనే పేరు కనిపించదు. సెట్టింగ్స్ → బ్యాటరీ → బ్యాక్‌గ్రౌండ్ యూసేజ్ లిమిట్స్‌లో మూడు లిస్టులు ఉంటాయి. ముఖ్యమైన వాటిని "నెవర్ ఆటో స్లీపింగ్ యాప్స్"లో వేయండి. పనికిరాని వాటిని "డీప్ స్లీపింగ్ యాప్స్"లోకి తోసేయండి.

మోటొరోలా, పిక్సెల్, నథింగ్: యాప్ ఇన్ఫో → బ్యాటరీలో మూడు ఆప్షన్లు ఉంటాయి. అన్‌రిస్ట్రిక్టెడ్, ఆప్టిమైజ్డ్, రిస్ట్రిక్టెడ్. ఎక్కువ యాప్స్‌కి మధ్యది చాలు. మందుల యాప్, హెచ్చరికల యాప్‌కి మాత్రం మొదటిది పెట్టండి.

ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్ పంపడానికి కూడా యాప్ పర్మిషన్ అడగాలి. తొందరలో "డోంట్ అలో" నొక్కేసి ఉంటే ఆటోస్టార్ట్ ఆన్‌లో ఉన్నా ఏమీ కనిపించదు. అలాగే చాలా నెలలు ఓపెన్ చేయని యాప్‌ని ఆండ్రాయిడ్ దానంతటదే పక్కన పెట్టేసి పర్మిషన్లు వెనక్కి తీసుకుంటుంది. సచేత్, దామిని లాంటివి మనం రోజూ ఓపెన్ చేసేవి కావు. కాబట్టి వాటి యాప్ ఇన్ఫో అడుగున "పాజ్ యాప్ యాక్టివిటీ ఇఫ్ అన్‌యూజ్డ్" అనే టాగుల్‌ని ఆఫ్ చేయండి.

పావుగంటలో ఇలా చేయండి

స్టెప్ 1: రాత్రి పడుకునే ముందు బ్యాటరీ శాతం రాసుకోండి, పొద్దున్న లేవగానే మళ్లీ చూడండి. ఇది మీ "ముందు" లెక్క.

స్టెప్ 2: సెట్టింగ్స్ → బ్యాటరీలో ఏ యాప్ ఎంత తింటోందో చూడండి. మీరు వాడకుండానే పైన ఉన్న యాప్స్ ఏవో అవే అసలు దోషులు. ఆండ్రాయిడ్ 13 లేదా ఆపైన అయితే నోటిఫికేషన్ ప్యానెల్‌ని పూర్తిగా కిందకి లాగితే ఇప్పుడు యాక్టివ్‌గా ఉన్న యాప్స్ కూడా కనిపిస్తాయి.

స్టెప్ 3: ఆటోస్టార్ట్ లిస్ట్ ఓపెన్ చేసి పైన చెప్పిన ప్రశ్న వేసుకుంటూ ఒక్కో యాప్‌ని తేల్చండి. మీకు తెలియని పేరు కనిపిస్తే వదిలేయండి. సిస్టమ్ యాప్స్ జోలికి వెళ్లకండి.

స్టెప్ 4: ఆన్‌లో ఉంచిన వాటికి బ్యాటరీ పరిమితి, నోటిఫికేషన్ పర్మిషన్ రెండూ సరిచూడండి.

స్టెప్ 5: ఫోన్ రీస్టార్ట్ చేసి, ఒక్కసారి అన్‌లాక్ చేసి, ఏ యాప్ ఓపెన్ చేయకుండా పక్కన పెట్టండి. రీస్టార్ట్‌కి ముందే పది నిమిషాల తర్వాత మోగేలా ఒక రిమైండర్ పెట్టి ఉంచుకోండి. ఇంకో ఫోన్ నుంచి వాట్సాప్ కాల్ చేయించండి. రెండూ మోగితే పని అయిపోయినట్టే. ఈ స్టెప్ చేయకపోతే మీరు సెట్ చేసింది పనిచేస్తోందో లేదో తెలుసుకునే దారి లేదు.

స్టెప్ 6: రెండు రాత్రుల తర్వాత మళ్లీ బ్యాటరీ శాతం పోల్చుకోండి.

పెద్దవాళ్ల ఫోన్ అయితే ఒక జాగ్రత్త ఎక్కువ తీసుకోండి. మందుల యాప్ ఉన్నా, అవే టైములు ఫోన్‌లోని మామూలు క్లాక్ అలారంలో కూడా పెట్టండి. అది రీస్టార్ట్ అయినా మర్చిపోదు.

సిగ్నల్ తక్కువ ఉన్న ఊళ్లలో

సాలూరు, పాచిపెంట, సీతంపేట వైపు కొండ ఊళ్లకి వెళ్తే అదే ఫోన్, అవే యాప్స్, కానీ సాయంత్రానికే బ్యాటరీ దిగిపోతుంది. టవర్ దూరంగా ఉంటే ఫోన్ ఎక్కువ పవర్‌తో సిగ్నల్ పంపాలి. అంటే వెనకాల జరిగే ప్రతి చిన్న సింక్‌కీ పట్నంలో కంటే ఎక్కువ ఖర్చు. ఇక్కడ షెడ్యూల్ పనుల్ని తగ్గించడం బాగా పనిచేస్తుంది: ఫోటో బ్యాకప్‌ని వైఫై మీద మాత్రమే అని పెట్టండి, ప్లే స్టోర్ ఆటో అప్‌డేట్ కూడా అలాగే.

తుఫాను హెచ్చరిక వచ్చాక

తీరం దాటే ముందు రోజే ఫోన్, పవర్ బ్యాంక్ ఫుల్ ఛార్జ్ చేసుకోండి. గాలి మొదలయ్యాక బ్యాటరీ సేవర్ ఆన్ చేయండి. ఎక్స్‌ట్రీమ్ లేదా అల్ట్రా సేవర్ పెడితే మాత్రం అందులో అనుమతించే యాప్స్ లిస్ట్ వేరే ఉంటుంది. సచేత్, వాట్సాప్, మందుల యాప్ అందులో వేసుకున్నాకే ఆన్ చేయండి. ఈ లిస్ట్‌ని ఇప్పుడే, తీరిగ్గా ఉన్నప్పుడే సెట్ చేసుకోవడం మంచిది.

టవర్లు పూర్తిగా పోయి సిగ్నల్ అసలు లేకపోతే ఫోన్ దాన్ని వెతుకుతూనే బ్యాటరీ అయిపోగొట్టుకుంటుంది. అప్పుడు ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, గంటకోసారి తీసి చూడండి. ఫ్లైట్ మోడ్‌లో ఉన్నంతసేపూ ఏ హెచ్చరికా రాదు కాబట్టి ఆ టైములో రేడియో, అధికారుల మైకు ప్రకటనల మీదే ఆధారపడాలి. అత్యవసరానికి 112, రాష్ట్ర విపత్తుల కంట్రోల్ రూమ్‌కి 1070 నంబర్లు కాగితం మీద కూడా రాసి ఉంచండి.

రెండు అపోహలు

"రీసెంట్స్ అన్నీ స్వైప్ చేస్తే బ్యాటరీ మిగులుతుంది." రోజుకి పదిసార్లు వాడే యాప్‌ని పదిసార్లు చంపితే, పదిసార్లూ మొదటి నుంచి లోడ్ అవ్వాలి. క్యాష్‌లో ఉన్నదాన్ని తేవడం కంటే దీనికే ప్రాసెసర్ ఎక్కువ పని చేస్తుంది.

"ర్యామ్ ఖాళీగా ఉంటే ఫోన్ స్పీడ్." ర్యామ్ తక్కువైతే ఎవర్ని ముందు పంపించేయాలో ఆండ్రాయిడ్‌కి తెలుసు. బూస్టర్ యాప్ చేసేది అదే పని, కానీ అడ్డదిడ్డంగా. పైగా ఆ బూస్టర్ కూడా ఫోన్ ఆన్ కాగానే తానూ లేచి కూర్చునే యాపే. ఉంటే ముందు దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేయండి.

నా సలహా ఏంటంటే, ముందు మీ ఫోన్ మీద చేసి అలవాటు చేసుకోండి. తర్వాత ఈ ఆదివారం అమ్మ ఫోన్, నాన్న ఫోన్, పక్కింటి పెద్దవాళ్ల ఫోన్ తీసుకుని కూర్చోండి. ఒక్కో ఫోన్‌కి పావుగంట చాలు. ఐదో స్టెప్‌లోని రీస్టార్ట్ టెస్ట్ మాత్రం వాళ్ల ముందే చేసి చూపించండి. ఫోన్ ఎప్పుడు మోగాలో వాళ్లకీ తెలిస్తే, మోగని రోజు వాళ్లే గుర్తుపడతారు.